నిద్రయు నొక యాయుధమే

(సంగారెడ్డి పట్టణమున నొక పఠనాలయమందు మేము చేసిన యుపన్యాసపు పాఠము)



మన జిల్లాను గూర్చి మనమే తక్కువగా తలంచుట మన కలవాటైనది. పటాన్‌చెరు పేరు చెప్పగనే పొగగొట్టములును, సంగారెడ్డి పేరు చెప్పగనే కచేరీలును మనకు స్ఫురించును. కాని దేశరక్షణకు వలయు సామగ్రిలో నెంతటి భాగ మీ కొలది మైళ్ల నేలపై సిద్ధమగుచున్నదో గమనించువారు తక్కువ. ఎద్దుమైలారమున 1984లో నెలకొన్న ఆయుధ కర్మాగారమునుండి 1987లో మొదటి ‘సారథ్’ శకటము వెలువడినది. పదాతి సైనికులను మోసికొని పోవుచు పోరాడగల యీ శకటములను నేటికిని ఆ కర్మాగారమే నిర్మించుచున్నది. 2021 అక్టోబరు 1వ తేదినుండి అది ఆర్మర్డ్ వెహికిల్స్ నిగమ్ అను ప్రభుత్వ సంస్థలో భాగమైనది. పటాన్‌చెరు చేరువనున్న భానూరులో భారత్ డైనమిక్స్ వారు శకటవిధ్వంసక క్షిపణులను తయారు చేయుచున్నారు. హైదరాబాదు ఐఐటీ 2008లో ఎద్దుమైలారపు కర్మాగారపు ఆవరణలోనే మొదటి పాఠములు చెప్పి, 2015లో కందియందలి స్వంత ప్రాంగణమునకు తరలినది.

ఇనుము, మందుగుండు, విద్య, ఈ మూడును మన గుమ్మములోనే యున్నవి. ఈ మూటికిని సంబంధించిన ప్రశ్న యొకటి నేడు మీ ముందుంచ దలచితిమి. నేటి సైన్యము వట్టి తుపాకులతో పోరాడుట లేదు. సైనికుని భుజమున రేడియో, శిరస్త్రాణమున రాత్రిదర్శిని, సరిహద్దున నేలలో పాతిన సెన్సారు, ఆకసమున డ్రోను, శకటములో గురిచూచు యంత్రము, ఇవి యన్నియు నొకదానితో నొకటి మాటలాడుకొనుచు నొక వలగా అల్లుకొనుచున్నవి. వీనిని స్మార్టు పరికరములని లోకము పిలుచుచున్నది. వీనికి తెలివి వచ్చినది, సరియే. వీనికి కూడు ఎవరు పెట్టవలెను? అది ఎన్నాళ్లు నిలుచును? ఈ ప్రశ్నకు చక్కని యుత్తరము లేని సైన్యమున కెన్ని తెలివిగల పరికరము లున్నను, అవి మూడవనాటికి మూగవోవును. శక్తిని సంపాదించుట యెంత ముఖ్యమో, వ్యర్థము చేయకుండుట యంతకంటె ముఖ్యమని మా నమ్మకము. ఆ విద్య మన జిల్లా చేతికందు దూరములోనే యున్నదని చూపుటయే నేటి మా యుద్దేశము.

మొదట భారమెంతో చూతము. మూడు దినముల కార్యమునకు బయలుదేరు పదాతి సైనికుడు మోయు బ్యాటరీల బరువే సుమారు 7 కిలోలని అమెరికా సైన్యము వారు లెక్కకట్టిరి. అన్నము, నీరు, తూటాలు వీనికి ఈ బరువు అదనము. మైదానమున నిది యిబ్బంది. మంచుకొండలపై నిది గండము. 1984 ఏప్రిలు 13వ తేదిని మన సైన్యము సియాచెన్ హిమానీనదముపై కాలు మోపినది మొదలు నేటివరకు అచ్చట కావలి యుండుచునే యున్నది. శీతకాలమున నచ్చట ఉష్ణము సున్నకు 50 డిగ్రీలు దిగువకు బడుట కలదు. పై కావలి గుడారములకు చేరవలసిన ప్రతి కిలో హెలికాప్టరుమీదనో మనుష్యుని వీపుమీదనో పోవలసినదే. చలిలో లిథియం బ్యాటరీ తన సత్తువలో పెక్కుభాగము కోల్పోవును. సున్నకు దిగువనున్నప్పుడు దానిని వెచ్చజేయక చార్జి చేసినచో లోపల లిథియము లోహముగా పేరుకొని బ్యాటరీయే చెడును. ఆ వెచ్చదనమునకు మరల శక్తి కావలెను. కాబట్టి అచ్చట ఒక్క వాటు పొదుపు చేయుట యనగా క్రిందనుండి ఒక్క వాటు మోయుట తప్పించుట మాత్రమే కాదు. దానిని మోయుటకైన వ్యయమంతయు తప్పించుట.

ఇక నీ శక్తి యెచ్చట పోవుచున్నది? పరికరము పని చేయునప్పుడు ఖర్చగుచున్నదని సామాన్యముగా తలంతుము. అది కొంతవరకే నిజము. రేడియోగల చిన్న సెన్సారు శక్తిలో నధికభాగము వ్యర్థమగునది ఎవరో పిలుతురేమోయని చెవి యొగ్గి కూర్చుండుటలో. వినుటకును వినుటకై వేచియుండుటకును రేడియోకు భేదము దాదాపు లేదు. రెంట నొకటే ఖర్చు. ఒక లెక్క చూడుడు. గడియారపు బ్యాటరీలవంటి మామూలు సెల్లులు పెట్టిన సెన్సారులో 2,500 మిల్లీ ఆంపియర్ గంటల నిలువ కలదనుకొందము. దాని రేడియో మెలకువగా వినుచుండునప్పుడు 20 మిల్లీ ఆంపియర్లు త్రాగుననుకొందము. ఎడతెగక విన్నచో 125 గంటలలో, అనగా ఐదు దినములు దాటగనే, నిలువ హరించును. అదే రేడియో నూఱు క్షణములలో నొక్క క్షణము మాత్రము మేలుకొని తక్కిన తొంబదితొమ్మిది క్షణములు నిద్రించినచో, సగటు ఖర్చు 0.2 మిల్లీ ఆంపియరుకు దిగును. అదే నిలువ 12,500 గంటలు వచ్చును. ఇది ఐదు వందల దినములపై మాట. నిద్రలో నగు స్వల్ప వ్యయమును, బ్యాటరీ తనంతట తాను క్షీణించుటను తీసివేసినను ఒక యేడాది దాటి నిలుచును. బ్యాటరీ మారలేదు, చిప్పు మారలేదు. మారినది క్రమశిక్షణ.

మన తెలుగు స్త్రీలు ‘ఊర్మిళాదేవి నిద్ర’ యని యొక పాట పాడుకొందురు. లక్ష్మణుడు పదునాలుగేండ్లు కంటికి రెప్ప వేయక యన్నను కాచెను. ఆ నిద్రయంతయు ఊర్మిళ నిదురించెను. ఒకరు మేలుకొనుటకు వేరొకరు నిద్రించవలెనను నీ భావము మన పల్లెపడుచుల కెన్నడో తెలిసినది. నేటి పరికరముల నిర్మాణములో జరుగుచున్నది సరిగా నిదియే. ఎక్కువ శక్తి త్రాగు ప్రధాన రేడియోయు కెమెరాయు నిద్రించును. వాని ప్రక్కన మిక్కిలి తక్కువ తినెడు చిన్న చెవి యొకటి మేలుకొని యుండును. నేల యదిరినను, నిర్ణయించిన పిలుపు వినబడినను ఆ చిన్న చెవి తక్కినవారిని లేపును. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా వారు 2015లో ప్రారంభించిన ఎన్-జీరో కార్యక్రమమునందు, ఇట్లు నిద్రలో నుండియు కావలి కాయునప్పటి వ్యయము 10 నానోవాట్లకు దిగువ నుండవలెనని లక్ష్యము పెట్టుకొనిరి. నానోవాటనగా వాటులో నూఱుకోట్లవ వంతు. ఆ వ్యయములో బ్యాటరీ ఆయువును నిర్ణయించునది పరికరము కాదు. బ్యాటరీ స్వయముగా క్షీణించు వేగమే.

వినుట తరువాత మాటలాడుట. ఒక్క బిట్టు సమాచారమును నూఱు మీటర్ల దూరము రేడియోలో పంపుటకగు శక్తితో, చిన్న ప్రాసెసరు వేయి లెక్కలు చేయగలదని శాస్త్రజ్ఞుల సామాన్యపు అంచనా. దూరము పెరిగినకొలది యీ భేదము మఱింత పెరుగును. దీనినుండి తేలు నీతి మన పెద్దలు చెప్పునదే: పది మార్లు ఆలోచించి ఒక్కమాట పలుకుము. సరిహద్దునందలి కెమెరా తాను చూచిన ప్రతి దృశ్యమును ప్రధాన శిబిరమునకు పంపనక్కరలేదు. గొఱ్ఱెలమంద పోవుచున్నదా, మనుష్యులు వచ్చుచున్నారా యని అచ్చటనే లెక్క వేసికొని, మనుష్యులైనచో నొక్క చిన్న వార్త పంపినచో చాలును. ఈ విచక్షణ పరికరములోనే యుండుట వలన శక్తియు మిగులును, శిబిరమున తెరల ముందు కూర్చున్న సైనికుని కన్నులును మిగులును.

ఇందు మఱియొక లాభము కలదు. సైన్యమునకు నిది శక్తి పొదుపుకంటె మిన్న. రేడియోలో పలికిన ప్రతి పలుకును శత్రువు వినును. భావము గ్రహింపలేకపోయినను, పలుకు వచ్చిన దిక్కును పట్టుకొని తుపాకి యెక్కుపెట్టును. మౌనముగా నుండు పరికరము కనబడదు. కావున పొదుపును మరుగును నొకటే మార్గమున నడచును. మాటకారితనము తెచ్చు ముప్పు కొక సంగతి చాలును. వ్యాయామమును లెక్కించు స్ట్రావా సంస్థ వారు 2017 నవంబరులో తమ వాడుకరులు పరుగెత్తిన దారులన్నియు వెలుగు గీతలుగా చూపు పటము ప్రకటించిరి. ఎడారులలో మనుష్యులు లేరనుకొన్న చోట్ల వెలుగు గీతలు కనబడినవి. 2018 జనవరిలో లోకము గుర్తించినదేమనగా, అవి సైనిక శిబిరముల చుట్టు సైనికులు చేయు పరుగులు. చేతికి కట్టుకొన్న చిన్న గడియారము, అనవసరముగా మాటలాడి, శిబిరమును పటములో గీసిపెట్టినది.

ఇపుడు మన కందికి వత్తము. స్మార్టు మీటర్లకును నీటి కొళాయిల లెక్కకును వాడదగిన సన్నని రేడియో మార్గమొకటి ఎన్‌బీ-ఐఓటీ యను పేర 2016 జూనులో ప్రపంచ ప్రమాణమైనది. ఆ ప్రమాణము నిర్మించినవారు మొదటనే పెట్టుకొన్న షరతేమనగా, 5 వాట్ గంటల చిన్న బ్యాటరీతో పరికరము పది సంవత్సరములు పని చేయవలెనని. దానికై పరికరము తాను నెట్‌వర్కు సభ్యుడనని నమోదై యుండియు, నెలల తరబడి నిద్రింపవచ్చునని నియమము చేసిరి. గరిష్ఠముగా 413 దినములు. ఆ ప్రమాణము ననుసరించు ‘కోయలా’ యను చిప్పును మన జిల్లాలోని ఐఐటీ హైదరాబాదులో పుట్టిపెరిగిన వైసిగ్ నెట్‌వర్క్స్ సంస్థ రూపొందించినది. 2022లో ఐఐటీ హైదరాబాదు, వైసిగ్, సైయెంట్ సంస్థలు కలిసి, భారతదేశమున రూపకల్పన చేయబడిన ఈ తరహా మొదటి చిప్పని దానిని ప్రకటించినవి. ఇది పౌరజీవనమునకు పుట్టిన వస్తువు; దీనిని యథాతథముగా సైన్యమున కెత్తికొని పొమ్మని మేము చెప్పుట లేదు. కాని నిద్రించుచు కావలి కాయు పరికరమును మొదటినుండి గీయగల చేతులు కందిలో నున్నవనుటకు నిది సాక్ష్యము.

మఱియొక సాక్ష్యము. రేడియో తరంగమును బలపరచి పంపునది ఆంప్లిఫయరు. తరంగములో నప్పుడప్పుడు పెద్ద పొంగులు వచ్చును. ఆ పొంగుల కొఱకు ఆంప్లిఫయరు నిత్యము సిద్ధముగా నుండవలెను. సంక్రాంతినాడు వచ్చు చుట్టముల కొఱకు ఏడాది పొడుగున నూఱు విస్తళ్ల వంట చేసినట్లు. వండినది చాలవరకు వేడిగా వ్యర్థమైపోవును. తరంగములో పొంగులే లేకుండ, ఒక్కొక్క సంకేతమునకు నాల్గవ వంతు తిరుగుడు చొప్పున త్రిప్పుచు మెత్తగా సాగునట్లు మలచు పద్ధతి యొకటి కలదు. దానిని పై బై టూ బీపీఎస్‌కే యందురు. దానివలన ఆంప్లిఫయరు తన పూర్తి బలమునకు చేరువగా పని చేయగలదు. అదే బ్యాటరీతో మాట మఱింత దూరము పోవును. లేదా అదే దూరమునకు తక్కువ బ్యాటరీ చాలును. ఈ పద్ధతిని మెరుగుపరచి 5జీ ప్రమాణములలో చేర్చుటకు కృషి చేసినవారిలో ఐఐటీ హైదరాబాదునందలి ఆచార్య కిరణ్ కూచియు వారి సహచరులును ముఖ్యులు. పల్లెటూళ్లలో గోపురములు దూరదూరముగా నుండును గదా, వాని కొఱకు వెదకిన యుపాయమిది. కొండకోనలలో విడివిడిగా నిలుచు సైనిక రేడియోల కష్టమును అదియే.

కందినుండి ఎద్దుమైలారము దూరము కాదు. అచ్చటి సారథ్ శకటమును చూడుడు. పదునాలుగు టన్నుల బరువు, 300 అశ్వశక్తుల యింజను. 2024 ఫిబ్రవరి 1వ తేదిని రక్షణశాఖ వారు 693 శకటముల యాయుధభాగమును నూతన పఱచుటకై ఆర్మర్డ్ వెహికిల్స్ నిగమ్‌తో ఒప్పందము చేసికొనిరి. రాత్రి చూపు, తుపాకిదారునికి నూతన గురిదర్శిని, నాయకునికి చుట్టుచూపు దర్శిని, లక్ష్యమును స్వయముగా వెంబడించు యంత్రము గల ఫైర్ కంట్రోల్ వ్యవస్థ, ఇవి యందు జేరినవి. మంచిదే. కాని శకటము పొదచాటున ఇంజను ఆపి రాత్రియంతయు కావలి కాయవలసిన సమయము వచ్చును. అప్పుడీ కన్నులన్నియు బ్యాటరీమీదనే బ్రతుకవలెను. బ్యాటరీ దిగజారినచో ఇంజను వేయక తప్పదు. కొలది పరికరములను మేపుటకై అంత యింజను గురగురలాడును, డీజిలు కాలును, దాని చప్పుడు చెవులకును, దాని వేడి శత్రువు దర్శినులకును దొరకును. శకటములోపల నేదర్శిని యెప్పుడు నిద్రింపవలెను, ఏది మేలుకొనవలెను, లేచుట కెన్ని క్షణములు పట్టును, ఈ లెక్కలు కవచపు మందముకంటె తక్కువవి కావు. అవి కూడ ప్రాణము కాపాడునవే.

భానూరు మనకు వేరొక పాఠము చెప్పును. క్షిపణులలో సామాన్యముగా వాడునది థర్మల్ బ్యాటరీ. దాని లోపలి లవణము గట్టిగా గడ్డకట్టి యున్నంతకాలము విద్యుత్తు పారదు. కావున నిలువ కరగదు. ఇరువది సంవత్సరములు గోదాములో పడియున్నను అది చెక్కు చెదరదు. ప్రయోగించు క్షణమున లోపలి మందు రగిలి లవణమును కరగించును. క్షణములోపలనే పూర్ణబలము వచ్చును. కొలది నిముషములలో దాని జన్మ ముగియును. పరిపూర్ణమైన నిద్ర, పరిపూర్ణమైన మేల్కొలుపు. ఒక్కసారి మాత్రమే లేవవలసిన పరికరమునకు ఇంతకంటె పొదుపైన యేర్పాటు లేదు. పలుమార్లు లేచి పడుకొనవలసిన సెన్సారుకు ఇది పనికిరాదు. పని యెట్టిదో నిద్ర యట్టిది; ఒక్క కొలతతో అన్నిటిని కొలువరాదు.

ఇచ్చట సభాసదులలో కొందరికి సందేహము కలుగవచ్చును. ‘కావలివాడు నిద్రించుటయా? ప్రాణముల ముందు బ్యాటరీ యెంత?’ యని. సందేహము న్యాయమైనది, దానిని దాటవేయరాదు. నూఱింట నొక్క క్షణము మాత్రము మేలుకొను చెవి, తక్కిన తొంబదితొమ్మిది క్షణములలో జరిగినది వినదు. వార్త కొంత యాలస్యమగును. నీటి మీటరుకు గంట యాలస్యమైనను నష్టము లేదు. వచ్చు డ్రోనును చెప్పవలసిన సెన్సారుకు రెండు క్షణముల యాలస్యము మరణమే. కాబట్టి ఎంత నిద్ర యనునది ఇంజనీరు ఒక్కడు తేల్చునది కాదు. ఆ కావలిలో నిలిచిన సైనికునితో కూర్చుండి తేల్చవలసినది. కాని మెలకువ పేర పొదుపును తిరస్కరించువారు ఒక సంగతి మరువరాదు. 1968 మొదలు 1973 వరకు అమెరికా వారు ‘ఇగ్లూ వైట్’ అను పేర లావోసు అడవులలో విమానములనుండి వేలకొలది సెన్సారులను జారవిడిచి, హోచిమిన్ మార్గమున పోవు లారీల సవ్వడిని విన యత్నించిరి. ఆ సెన్సారుల బ్యాటరీలు వారములలోనే చచ్చిపోయెడివి. మరల మరల విమానములు పోయి క్రొత్తవి విడువవలసి వచ్చెడిది. ఎల్లపుడు మేలుకొన్న కావలివాడు త్వరలోనే చచ్చిన కావలివాడగును. నిద్ర తెలిసిన కావలివాడే కడవరకు కావలి కాయును.

శత్రువునకు కూడ ఈ సంగతి తెలియును. 1999లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన ఫ్రాంక్ స్టజానో, రాస్ ఆండర్సన్ అను పండితులు బ్యాటరీతో బ్రతుకు పరికరములపై నొక నూతన దాడిని వర్ణించి, దానికి నిద్రాభంగ హింస యని పేరు పెట్టిరి. శత్రువు మన గుప్తసందేశమును ఛేదింపనక్కరలేదు. పరికరమును మాటిమాటికి పిలిచి లేపినచో చాలును. ప్రతి పిలుపునకు అది లేచి ‘ఎవరు’ అని యడుగును. ఆ యడుగుటలోనే దాని ప్రాణము కరగును. కుంభకర్ణుని డోళ్లతోను ఏనుగులతోను అకాలమున లేపినవారు రావణుని పక్షమువారే. మన కుంభకర్ణులను లేపువాడు పగవాడు. దీనికి మందు కలదు. లేపు పిలుపులోనే సంక్షిప్తమైన గుర్తు నుంచవలెను. ఆ గుర్తును చిన్న చెవియే పరీక్షించవలెను. తప్పు పిలుపులు వరుసగా వచ్చినచో కొంతసేపు చెవి మూసికొని, ఆ సంగతినే హెచ్చరికగా పంపవలెను. శక్తి పొదుపును భద్రతను వేర్వేరు బల్లలపై వేర్వేరు మనుష్యులు తీర్చినచో ఈ రంధ్రము మిగులును. ఒక్క బల్లపై తీర్చవలెను.

ఇక స్వదేశీ ప్రశ్న. లిథియం సెల్లులకు మన దేశము నేటికిని చాలవరకు పరదేశముల దిగుమతిపై నాధారపడియున్నది. వాని కర్మాగారములు మన దేశమున లేవవలెను. అది పెద్ద పెట్టుబడి, పెక్కు సంవత్సరముల పని. కాని పరికరము నాకలిని సగము చేసినచో మన కక్కరయగు సెల్లులు సగమగును. ఇందు కొఱకు గనులు త్రవ్వనక్కరలేదు, ఓడలు రానక్కరలేదు. కావలసినది లెక్క, కొలత, ఓర్పు. పైగా పరికరము ఎప్పుడు నిద్రింపవలెనో నిర్ణయించు వ్రాత, అనగా దాని లోపలి సాఫ్ట్‌వేరు, పరాయివాని చేతిలో నున్నచో, మన కావలివాని కనురెప్పలు పరాయివాని వ్రేళ్లలో నున్నట్లే. ఐఐటీ మద్రాసు వారి శక్తి ప్రాసెసరు, సీ-డాక్ వారి వేగా ప్రాసెసరు మొదలైనవి దేశమున పుట్టినవి. వీనిపై మన చేతులతో వ్రాసిన నిద్రామేల్కొలుపుల నియమములే మనకు స్వాతంత్ర్యము. పతాకము ముద్రించిన పెట్టెలో పరాయి వ్రాత నుంచి దానిని స్వదేశీ యనుట ఆత్మవంచన.

పటాన్‌చెరు వారమైన మనకు మఱియొక బాధ్యత కలదు. లెక్కలో వ్రాయని ఖర్చు ఎచ్చట తేలునో మనకంటె నెవరికి తెలియును? కర్మాగారముల లాభములలో కనబడని వ్యయము నక్కవాగులో కనబడినది. ఆ నీటి వివాదము 1990లో సుప్రీంకోర్టు తలుపు తట్టినది. చచ్చిన బ్యాటరీలు కూడ నట్టి వ్యయమే. 2022 ఆగష్టులో కేంద్రప్రభుత్వము వెలువరించిన బ్యాటరీ వ్యర్థముల నియమములు తయారీదారులే వానిని తిరిగి సేకరింపవలెనని విధించినవి. అయితే సైనిక ప్రయోజనములకై ప్రత్యేకముగా నుద్దేశింపబడిన పరికరముల బ్యాటరీలకు ఆ నియమములు వర్తింపవు. రహస్యము కాపాడుట కీ మినహాయింపు అవసరమేమో. కాని మంచునకు మినహాయింపు తెలియదు, వాగునకు తెలియదు. నియమము లేనిచోట నిర్మాతయే తనకు తాను నియమము కావలెను. పారవేయు బ్యాటరీల సంఖ్యను తగ్గించుటకు మొదటి మార్గము వానిని తక్కువగా వాడు పరికరమును గీయుటయే.

మేము కోరున దేమి? మూడు సంగతులు. మొదటిది, కొనువాడు అడుగవలెను. గృహిణి కొను ఫ్రిజ్జుపై, ఏ.సీ.పై 2006లో ప్రారంభమైన పథకము చొప్పున నక్షత్రములు వేయుచున్నారు. ఎంత తినునో చూచి ఆమె కొనుచున్నది. సైన్యము వెలువరించు టెండరు పత్రమునందు బరువు, దూరము, ధర వ్రాసినట్లే, ఒక దినపు కావలికి ఎన్ని వాట్ గంటలు, ఒక వార్తకు ఎంత శక్తి యని కూడ వ్రాయవలెను. రెండవది, ఆ మాటను కొలిచి చూడవలెను. అదియు 25 డిగ్రీల చల్లని గదిలో కాదు, సున్నకు దిగువ చలిలోను, జైసల్మేరు వేడిలోను, శత్రువు మాటిమాటికి లేపుచున్నట్లు నటించిన స్థితిలోను. మూడవది, ఈ లెక్క మొదటి చిత్తుపటమునాడే వేయవలెను. పెట్టె తయారైన పిమ్మట పొదుపు చేర్చుట, పెండ్లి అయిన పిమ్మట జాతకములు చూచినట్లు.

ఈ మూడవ దానిలో మన పటాన్‌చెరు, పాశమైలారముల చిన్న కర్మాగారముల వారికి చోటు కలదు. పెద్దవారు గీసిన పటమును తు.చ. తప్పక తయారు చేసి యిచ్చుట వారి కలవాటు. దానితో తృప్తి చెందిన కాలము గడచినది. 2018లో ప్రారంభింపబడిన ఐడెక్స్ పథకము చిన్న సంస్థలకు సైనిక సమస్యలను నేరుగా ముందుంచి, పరిష్కారములకు ధనసహాయము చేయుచున్నది. కందిలో విద్య, ఎద్దుమైలారమున శకటము, భానూరులో క్షిపణి, పటాన్‌చెరులో నైపుణ్యముగల చేతులు. వీనిమధ్య దూరము ఒక పూట ప్రయాణమునకు మించదు. అయినను ఒకరి గుమ్మ మొకరు తొక్కకున్నచో ఆ దూరము సముద్రములకంటె నెక్కువ. ఐఐటీ కర్మాగారపు ఆవరణలో పుట్టినదను మాట చరిత్రలో నొక వింతగా మిగులరాదు, నిత్యవ్యవహారము కావలెను.

మన యువకులలో ననేకులు తెలివిగల యంత్రములను గూర్చి యుత్సాహముగా మాటలాడుదురు. ఎంత వేగము, ఎంత జ్ఞాపకశక్తి, ఎంత దూరపు చూపు అని లెక్కింతురు. ఎంత తినునని యడుగువారు తక్కువ. ఆ ప్రశ్న గొప్పగా నుండదు. వంటయింటి ప్రశ్నవలె నుండును. కాని వంటయింటి లెక్క తెలియని యిల్లు నిలువదు, సైన్యమును అంతే. హిమాలయముపై రాత్రి చివరి జామున నొక సైనికుడు రేడియో మీట నొక్కినపుడు అది పలుకుటయా, మూగవోవుటయా యనునది, ఆ రాత్రి యచ్చట తీరు విషయము కాదు. దానికి కొన్ని సంవత్సరముల ముందే, కందిలోనో పటాన్‌చెరులోనో ఒక బల్లపై, ఒక యువకుడో యువతియో వేసిన లెక్కలో అది తీరిపోవును. ఆ బల్ల మన జిల్లాలో నున్నది. ఆ లెక్క మనవారే వేయవలెను. వేసిన దానిని మన మడుగవలెను.